పాత పద్మినిని మనమే బాగుచేసుకోవాలా, షాపుకి ఇచ్చేయాలా: ఎలా తేల్చుకోవాలి

ఇంటి వెనక రేకుల షెడ్డులో నాన్నగారి ప్రీమియర్ పద్మినో తాతగారి అంబాసిడరో టార్పాలిన్ కప్పుకుని ఏళ్ల తరబడి అలాగే ఉంటది, పండక్కి ఊరెళ్లినప్పుడల్లా ఒకసారి తీసి చూస్తాం, ఈసారన్నా దీన్ని రోడ్డెక్కించాలి అనుకుంటాం, మళ్లీ కప్పేసి వచ్చేస్తాం. నిజంగా మొదలుపెడదామని కూర్చున్న రోజున మొట్టమొదట తేలాల్సింది ఒకటే, ఇది నేనే విప్పుకుని చేసుకోవాలా లేకపోతే షాపులో పెట్టి డబ్బులు కట్టాలా అని.

నా సమాధానం ముందే చెప్పేస్తా. కారు మొత్తానికీ కలిపి ఒకటే నిర్ణయం తీసుకోకండి, ఒక్కో పనికి విడిగా తీసుకోండి. మా నాన్న 83 మోడల్ పద్మినిని నేను మొదట్లో మొత్తంగా ఒక షాపుకి అప్పజెప్పా. వారం తిరక్కుండా విప్పి పడేశారు, ఆ తర్వాత పద్నాలుగు నెలలు ఫోన్లే. చివరికి వెళ్లి చూస్తే తుప్పుపట్టిన చోట లప్పం పెట్టి నున్నగా గీకేశారు, అద్దాలు దించే హ్యాండిళ్లు రెండు కనపడలేదు, వెనక డిక్కీ మీద ఉండాల్సిన పేరు బ్యాడ్జీ కూడా లేదు. డీసీఎంలో వేసుకుని ఇంటికి తెచ్చేసుకున్నా. అక్కడి నుంచి రెండేళ్లు ఆదివారాలు కూర్చుని కొంత నేను చేసి, కొంత వేరే వేరే మేస్త్రీలతో చేయించి పూర్తి చేశా. ఏది ఇంట్లో అయ్యే పని, ఏది కాని పని అన్నది నాకు ఆ రెండేళ్లలో తెలిసింది, అదే వరసలో చెప్తా.

మొదటి పని: స్పానర్ పట్టుకోకముందు కాగితాలు

చాలామంది దీన్ని చివరికి వదిలేస్తారు, అదే పెద్ద తప్పు. కారు తళతళలాడుతూ తయారయ్యాక ఆర్‌సీ లేదని తెలిస్తే అది షెడ్డులో బొమ్మే. ముందు ఆర్‌సీ బయటకు తీసి దాని మీదున్న ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిచూడండి. నంబరు ఉన్న ప్లేటుకి తుప్పు పట్టి ఉంటే ఉప్పుకాగితంతో రుద్దకండి, అంకెలు చెరిగిపోతే తర్వాత ఎవరూ నమ్మరు. కిరసనాయిలు గుడ్డతో మెల్లగా తుడిచి ఫోటో తీసుకోండి.

సొంత కారుకి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యూవల్ చేయించాలి. ఈ రెన్యూవల్ ఫీజు కారుకి ఒకప్పుడు 600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు, 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకి 10,000 చేశారు. పైగా ఆలస్యానికి అదనం, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ ఉంటాయి, కాబట్టి మీ ఆర్టీఓ ఆఫీసులో బాకీ ఎంతుందో కనుక్కుని ఆ అంకెని కూడా బడ్జెట్‌లో రాసుకోండి. ఆర్‌సీ నాన్నగారి పేరు మీద ఉండి ఆయన లేకపోతే వారసుల పేరుకి మార్చడానికి ఫారం 31 ఉంది, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల ఒప్పుకోలు కాగితం కూడా అడుగుతారు. ఈ మాట ఇంట్లో ముందే మాట్లాడుకోండి, కారు పాతదిగా ఉన్నప్పుడు ఎవరికీ అక్కర్లేదు, మెరిశాక అందరికీ గుర్తొస్తది.

మీ బండికి 50 ఏళ్లు దాటితే ఇంకో దారి ఉంది. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ బండ్లకి విడిగా రిజిస్ట్రేషన్ పెట్టింది, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. అయితే ఆ బండిని రోజువారీ తిప్పుకోడానికి లేదు, ర్యాలీలకి, ప్రదర్శనలకి, పెట్రోలు కోసం, రిపేరుకి మాత్రమే. ఇంకోటి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి. షాపువాళ్లు చాలా తేలిగ్గా చెప్తారు, ఈ ఇంజిన్ ఎందుకు సార్ వేరేది ఎక్కించేద్దాం ఏసీ కూడా పెట్టుకోవచ్చు అని. ఎక్కించేస్తే ఆ వీఏ దారి మూసుకుపోద్ది, మామూలు ఆర్‌సీలో కూడా ఇంజిన్ మార్పు ఆర్టీఓ అనుమతితో ఎక్కించుకోవాల్సిందే, రంగు మార్చినా అంతే. మా 83 మోడలుకి 50 నిండటానికి ఇంకా టైముంది, అందుకే పాత ఇంజిన్నే బాగుచేయించా.

రెండో పని: తుప్పు ఎక్కడిదాకా పోయిందో చూడటం

ఇక్కడ తొందరపడకండి, ఒక పూట మొత్తం దీనికే పెట్టండి, ఎందుకంటే ఇంట్లోనా షాపులోనా అనే ప్రశ్నకి సగం సమాధానం ఇంజిన్ దగ్గర కాదు, ఈ తుప్పు దగ్గరే ఉంది. ఇంజిన్ ఎంత పాడైనా బాగుచేసే మేస్త్రీలు ప్రతి ఊళ్లో ఉన్నారు. కుళ్లిన రేకు అలా కాదు.

పద్మినికి గానీ అంబాసిడర్‌కి గానీ లారీకి ఉన్నట్టు కింద విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. అంటే ఫ్లోరు, డోర్ల కింద పొడుగ్గా పోయే పెట్టెలాంటి సిల్లు, ఇవే బండి బరువంతా మోస్తాయి. ఇవి తుప్పుపట్టాయంటే అందం పోవడం కాదు, ఇంటికి దూలం చెదపట్టినట్టే. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఉందనుకోండి, దాని లెక్క వేరు, కింద ఛాసిస్ విడిగా ఉంటది, బాడీ దాని మీద బోల్టులతో కూర్చుంటది.

ఒక చిన్న అయస్కాంతం తీసుకుని పల్చటి గుడ్డలో చుట్టండి, గీతలు పడకుండా. దాన్ని చక్రాల పైన వంపుల దగ్గర, డోర్ల కింది అంచుల్లో, సిల్లుల మీద, ముందు అద్దం కింద మెల్లగా జరుపుతూ పోండి, పట్టుకోకుండా జారిపోయిన చోటల్లా కింద రేకు లేదు, లప్పం ఉంది. ఆ చోట్లకి చాక్‌పీస్‌తో గుండ్రం చుట్టండి. తర్వాత లోపల కార్పెట్లు, రబ్బరు మ్యాట్లు అన్నీ పీకేసి స్క్రూడ్రైవర్ పిడితో ఫ్లోరు మీద కొట్టండి, ఖంగుమంటే మంచిది, మెత్తగా దబ్‌మంటే పోయింది. డ్రైవర్ కాళ్ల దగ్గర, డిక్కీలో స్టెపినీ పెట్టే గుంటలో నీళ్లు నిలుస్తాయి కాబట్టి అక్కడ ఇంకా గట్టిగా చూడండి. జాకీ పెట్టే చోట జాకీ ఎత్తుతుంటే బండి లేవకుండా రేకు లోపలికి నొక్కుకుపోతుంటే ఆపేయండి, ఆ బండి కిందికి మనిషి దూరకూడదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉన్న బండికీ, అనంతపురంలో ఎండలో ఎండిన బండికీ ఈ పరీక్షలో చాలా తేడా కనిపిస్తది, మొదటిదాంట్లో రేకు పోద్ది, రెండోదాంట్లో రబ్బర్లు, సీట్లు, డ్యాష్‌బోర్డు పోతాయి.

గుండ్రాలు డోర్ల అంచుల్లో, ఫెండర్ల మీద మాత్రమే ఉంటే మీరు ధైర్యంగా ఇంట్లో మొదలుపెట్టొచ్చు. సిల్లులు, ఫ్లోరు, సస్పెన్షన్ బిగించే చోట్లు పోయుంటే మాత్రం ఆ పని మంచి టింకరింగ్ మేస్త్రీకే ఇవ్వండి, వెల్డింగ్ యూట్యూబులో చూసి నేర్చుకోడానికి మొదటి బండి ఇది కాకూడదు. ఒకటి మాత్రం మీరు తెలుసుకునుండాలి, రెండు వైపులా సిల్లులు ఒకేసారి కోసేస్తే బండి నడుం దగ్గర కిందికి వంగుద్ది, తర్వాత డోర్లు జన్మలో సరిగ్గా పడవు. లోపల అడ్డంగా, నిలువుగా ఇనప కమ్మీలు తాత్కాలికంగా అతికించి, ఒక వైపు పూర్తి చేశాకే రెండో వైపు కొయ్యాలి, మధ్య మధ్యలో డోరు పెట్టి మూసి చూసుకోవాలి. మేస్త్రీని ఈ ఒక్క ప్రశ్న అడగండి, సిల్లులు ఎలా మారుస్తావు బాబాయ్ అని. కమ్మీల మాట ఆయనే ఎత్తితే పని తెలిసినాయన.

మూడో పని: ఇంజిన్ ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడం

ఏళ్ల తర్వాత బ్యాటరీ పెట్టి వెంటనే సెల్ఫ్ కొట్టే ఆత్రం అందరికీ ఉంటది, వద్దు. సిలిండర్ గోడలు ఆరిపోయి ఉంటాయి, రింగులు అతుక్కుని ఉంటాయి, ఒక్క తిప్పుకే బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, గీసుకుపోద్ది. ప్లగ్గులు నాలుగూ తీసి, ఒక్కో దాంట్లో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి రెండు మూడు రోజులు వదిలేయండి, తర్వాత ముందున్న పుల్లీ నట్టుకి స్పానర్ వేసి చేత్తో మెల్లగా తిప్పి చూడండి. తిరిగితే సంతోషం. తిరక్కపోతే బలవంతం చెయ్యకుండా ఇంకో వారం నాననివ్వండి. ట్యాంకులో పాత పెట్రోలు మొత్తం దించేయండి, జిగురులా అయిపోయి కార్బురేటర్ జెట్లు పూడ్చేస్తది.

చేత్తో తేలిగ్గా తిరిగాక కంప్రెషన్ గేజి, అంటే సిలిండర్లో ఒత్తిడి కొలిచే మీటరు, పెట్టి నాలుగు సిలిండర్లూ కొలవండి, గేజి కొనక్కర్లేదు, ఏ మెకానిక్ దగ్గరైనా ఉంటది. అన్నిటికన్నా ఎక్కువదానికీ తక్కువదానికీ పది శాతం లోపు తేడా ఉంటే ఇంజిన్ విప్పకుండానే నడుపుకోవచ్చు. ఒకదాంట్లో బాగా తక్కువొస్తే ఆ సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవండి, రీడింగ్ పెరిగితే రింగులో బోరో అరిగింది, పెరక్కపోతే వాల్వులో, సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ కింది గ్యాస్కెట్టో. ఈ చిన్న పరీక్ష మీరు చేసుకుని వెళ్తే, షాపువాడు మొత్తం ఇంజిన్ వర్క్ అన్నప్పుడు అవసరమా కాదా మీకే తెలిసిపోద్ది.

పద్మిని 1089 సీసీ ఇంజిన్‌కి హెడ్ అల్యూమినియం, ఎప్పుడన్నా వేడెక్కి ఉంటే వంగి ఉంటది, మెషిన్ మీద పెట్టి ఫేసింగ్ చేయించాలి, అంటే చదునుగా గీయించాలి. బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్ ఇవి ఎవరూ ఇంట్లో చెయ్యరు, పెద్ద పెద్ద షాపులు కూడా బయట బోరింగ్ షాపుకే పంపుతాయి. అలాంటప్పుడు మధ్యలో వాళ్లెందుకు, ఇంజిన్ దించి, విప్పి, భాగాలు కడిగి మీరే బోరింగ్ షాపుకి తీసుకెళ్లి కొలతలు మీ ఎదురుగా రాయించుకోండి. బిగింపు మాత్రం పాత ఫియట్ ఇంజిన్లు తెలిసిన పెద్దాయన్ని పక్కన పెట్టుకుని చేయండి, విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో వెతికితే అలాంటివాళ్లు ఇప్పటికీ దొరుకుతారు, చాలామందికి వయసైపోయింది, వాళ్లు చేతులు ఆపేసేలోపు మనం వెళ్లాలి.

నాలుగో పని: మీ గురించి మీరు నిజం రాసుకోవడం

కాగితం మీద రాయండి, మనసులో కాదు. వారానికి నిజంగా ఎన్ని గంటలు ఇవ్వగలరు? పిల్లల చదువులు, పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు అన్నీ పోగా నాకు వారానికి అయిదు గంటలు మించి దొరకలేదు, అందుకే రెండేళ్లు పట్టింది. చోటు ఎంత ఉంది? విప్పిన కారు విప్పని కారుకన్నా రెట్టింపు చోటు తింటది, డోర్లు ఒకచోట, సీట్లు ఒకచోట, డబ్బాలు డబ్బాలుగా నట్లు. అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఒక్క పార్కింగు మాత్రమే ఉన్నవాళ్లు ఇంట్లో విప్పే ఆలోచన పెట్టుకోవద్దు, పక్కవాళ్లతో గొడవలతోనే సరిపోద్ది. ఊళ్లో షెడ్డు ఉండి మీరు హైదరాబాద్‌లో ఉంటే అదీ కష్టమే, నెలకోసారి వెళ్లి చేసే పని ఎక్కడ ఆపామో గుర్తుతెచ్చుకోడానికే పూటపడుద్ది.

డబ్బు విషయంలో ఒక్క మాట. విప్పకముందు వేసిన ఏ లెక్కా నిలబడదు. కాబట్టి మీకు తోచిన మొత్తం రాసి, దానికి సగం కలపండి, అప్పుడు కూడా సరే అనిపిస్తేనే మొదలుపెట్టండి. అమ్మి లాభం చూసుకుందామని అయితే ఇప్పుడే ఆపేయండి, పద్మినికైనా అంబాసిడర్‌కైనా పెట్టిన ఖర్చు అమ్మకంలో తిరిగి రావడం కష్టం.

అయిదో పని: పనులు పంచడం

ఇంట్లో అస్సలు చెయ్యకూడనివి ముందు. టూకే పెయింట్, అంటే రంగులో హార్డెనర్ కలిపి కొట్టే రకం, కొట్టడం మొదటిది. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లనే విష రసాయనాలు ఉంటాయి, ఆ పొగమంచు పీలిస్తే శాశ్వతంగా ఆస్తమా పట్టుకోవచ్చు, గుడ్డ మాస్కు దేనికీ పనికిరాదు, బయట నుంచి గొట్టంలో మంచి గాలి అందే మాస్కు, బూత్ ఉన్నచోటే కొట్టాలి. పిల్లలున్న ఇంటి పెరట్లో అసలు వద్దు. రెండోది పెట్రోలు ట్యాంకుకి వెల్డింగ్, ఖాళీ ట్యాంకే కదా అనుకుంటారు, లోపల మిగిలిన ఆవిరే పేలుద్ది. మూడోది క్రోమ్ ప్లేటింగ్, అవి ఘోరమైన రసాయనాలు, బంపర్లు విప్పి ప్లేటింగ్ షాపుకి ఇవ్వడమే.

మీరే చెయ్యాల్సినవి, నా లెక్కలో షాపుకి అస్సలు ఇవ్వకూడనివి, విప్పడం, పేర్లు రాయడం. నా కారులో పోయిన సామానంతా వేరేవాళ్లు విప్పినప్పుడు పోయిందే. ప్రతి భాగం విప్పకముందు ఫోటో, విప్పాక జిప్ కవర్లో వేసి మార్కర్‌తో ఎడమ ముందు డోరు హ్యాండిల్ స్క్రూలు అని పూర్తిగా రాయండి, గుర్తుంటదిలే అనుకున్నది ఏదీ గుర్తుండదు. పాత భాగం పాడైపోయినా పారెయ్యొద్దు, కొత్తది కొనేటప్పుడు కొలతకి అదే ఆధారం.

వైరింగ్ కూడా ఓపికుంటే మీరే చేసుకోవచ్చు, ఈ బండ్లలో కంప్యూటర్లు ఏమీ లేవు, ఒక మల్టీమీటరు, రంగురంగుల వైర్లు, ఒక్కో లైటుకి ఒక్కో ఆదివారం. వైర్ల తొడుగు పెళుసెక్కి ఉంటది, అతుకులు వెయ్యకుండా పూర్తిగా కొత్తది లాగండి, ఎర్త్ పడే చోట తుప్పు గీకి మెరిసే రేకుకి బిగించండి. లోపలి సీలింగు గుడ్డ, కార్పెట్లు, రబ్బరు బీడింగులు కూడా ఇంటి పనే.

బ్రేకులు మధ్యరకం. పద్మినికి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, వీల్ సిలిండర్లలో రబ్బరు కప్పులు మార్చడం కష్టం కాదు, కానీ పాత మోడళ్లలో బ్రేక్ ఆయిల్ పోయే సర్క్యూట్ ఒక్కటే, ఒక్కచోట కారితే నాలుగు చక్రాలకీ బ్రేకు ఉండదు. కాబట్టి మీరు బిగించాక రోడ్డెక్కేముందు అనుభవం ఉన్న మెకానిక్‌తో ఒకసారి చూపించండి. డ్రమ్ము విప్పగానే ఉండే నల్ల దుమ్ముని గాలి కొట్టి ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటది, పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం, తడిగుడ్డతో తుడిచేయండి.

ఆరో పని: షాపుకి ఇచ్చే పనికి షరతులు

బాడీ పనికి మేస్త్రీని ఎంచుకునేటప్పుడు పూర్తయి మెరుస్తున్న కారు చూసి మోసపోవద్దు. సగం పనిలో ఉన్న కారు చూపించమనండి, ఆ షెడ్డులో దుమ్ముపట్టి ఎన్ని కార్లు ఎన్నాళ్లుగా ఉన్నాయో అడగండి. ఎక్కువ ఉంటే మీది కూడా ఆ వరసలో చేరుద్ది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ కార్లు రోజుకి పది చేసే బాడీ షాపు ఈ పనికి పనికిరాదు, వాళ్లకి పాత రేకు మీద కూర్చునే టైం ఉండదు.

మొత్తం పనికి ఒకే రేటు మాట్లాడకండి, దశలుగా విడగొట్టండి, పెయింట్ గీకి రేకు కనపడేదాకా ఒకటి, తుప్పు కోసి కొత్త రేకు వేసేదాకా ఒకటి, ప్రైమర్ ఒకటి, రంగు ఒకటి. ఒక దశ పూర్తయి మీరు చూశాకే దాని డబ్బు, తర్వాతి దశకి కొంచెం అడ్వాన్సు. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు, లప్పం పెట్టకముందు నేను వచ్చి చూస్తా, చూడకుండా పెట్టొద్దు అని కాగితం మీద రాయించుకోండి. లప్పం పల్చగా అయితే తప్పు లేదు, ఎంత మంచి మేస్త్రీకైనా కావాలి, కన్నం మీద పెట్టడమే తప్పు. బండి ఇచ్చే రోజున దాంట్లో ఏమేం ఉన్నాయో, అద్దాలు, లైట్లు, బ్యాడ్జీలు, ఓడోమీటర్ రీడింగుతో సహా రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. నేను అదొక్కటి చేసుంటే ఆ హ్యాండిళ్లు ఇవాళ నా దగ్గరుండేవి. పోయే అవకాశం ఉన్న చిన్న సామాను అసలు ఇవ్వనే ఇవ్వకండి, ఉత్త బాడీని పంపండి.

ఏడో పని: సామాను వేట, పెట్రోలు సంగతి

ముంబైలో కాలీపీలీ, అంటే నలుపు పసుపు రంగు, పద్మిని టాక్సీలు తిరిగినన్నాళ్లూ పద్మిని స్పేర్లకి ఢోకా లేదు, 2023 అక్టోబరులో ఆఖరి పద్మిని టాక్సీ కూడా రోడ్డు దిగిపోయింది. అంబాసిడర్ 2014 దాకా తయారైంది కాబట్టి దానికి ఇంకా తేలిగ్గా దొరుకుతున్నాయి. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో మొదలుపెట్టండి, అక్కడ లేకపోతే చెన్నై పుదుపేట, ముంబై కుర్లా, కోల్‌కతా మల్లిక్ బజార్. ఇంజిన్ సామాను ఎలాగోలా దొరుకుద్ది, దొరకనివి అద్దాలు, బ్యాడ్జీలు, క్రోమ్ పట్టీలు, అందుకే కారు విప్పడానికి ముందే వీటి వేట మొదలుపెట్టండి, దొరికినప్పుడు రెండు కొనిపెట్టుకోండి.

ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, పాత రబ్బరు పైపుల్ని, పెట్రోలు పంపులో ఉండే డయాఫ్రం అనే పల్చటి రబ్బరు పొరని ఇది మెత్తబరిచి పగలగొడుద్ది, ఇంజిన్ వేడి మీద పెట్రోలు కారడం అంటే నిప్పే. కాబట్టి షాపులో చేయించినా, మీరు చేసినా ఇథనాల్ తట్టుకునే పైపులు, డయాఫ్రం తప్పనిసరిగా వేయించండి, ఎక్కువ రోజులు ఆపేసేటప్పుడు ట్యాంకులో పెట్రోలు ఉంచకండి. అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజిన్‌కి ఇంకోటి ఉంది, దాని ఇనప హెడ్డులోనే వాల్వు సీట్లు కోసి ఉంటాయి, సీసం కలిపిన పెట్రోలు ఉన్న రోజుల ఇంజిన్ అది, 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేనిదే, సీసం లేకపోతే ఆ సీట్లు త్వరగా అరిగిపోతాయి. హెడ్ ఎలాగూ విప్పుతారు కాబట్టి గట్టి సీట్లు అప్పుడే దింపించేయండి, మళ్లీ విప్పే ఖర్చు తప్పుద్ది.

బండి తయారై మొదటిసారి బయటకు తీసే రోజున ఊరి బయట ఖాళీ రోడ్డు చూసుకోండి, తెల్లవారుజామున అయితే మంచిది. పక్కన ఒక మనిషి, డిక్కీలో నీళ్ల డబ్బా, మంటలార్పే సిలిండరు, టూల్ కిట్. మొదటి పది కిలోమీటర్లు అయ్యాక ఆపి, చక్రాల నట్లు మళ్లీ బిగించి, కిందికి వంగి పెట్రోలు గానీ బ్రేక్ ఆయిల్ గానీ చుక్క ఏమన్నా పడుతుందేమో చూడండి. ఏమీ లేకపోతే ఇంకో పది కిలోమీటర్లు వెళ్లి మళ్లీ ఆపి చూడండి. మేం మూడోసారి ఆపినప్పుడు, స్టీరింగ్ పక్కనున్న ఆ గేరు రాడ్డు మీద చెయ్యేసి ఇక నేను నడుపుతా అని మా అమ్మ అడిగింది, ఆవిడ డ్రైవింగ్ నేర్చుకుంది ఆ కారు మీదే.